ఇరవై దాటని ఏరు

వాన పడుతున్న మధ్యాహ్నం. వంతెన దగ్గర ఏటి నీటిమట్టం రాసే ఉద్యోగం చేసి రిటైరైన పెద్దాయన ఇంటికి, వరద మ్యాపు గీసిన ఇంజనీరమ్మ వచ్చింది.

“మళ్ళీ అడుగుతున్నా బాబాయ్. మూడు పెద్ద వరదలు. మూడుసార్లూ సరిగ్గా ఇరవై అడుగులేనా?”

“రాసుంటే అంతే అయ్యుంటుంది.”

“అంగుళం తేడా లేకుండానా? ఏరేమన్నా టేపు పట్టుకుని పారుతుందా?”

“ముందు తల తుడుచుకో అమ్మా. జలుబు చేస్తుంది.”

“తల సంగతి తర్వాత. స్కేలు ఎంతవరకు ఉండేది?”

“ఏ స్కేలు?”

“బాబాయ్!”

“వంతెన స్తంభం మీదదా... ఇరవై దాకా.”

“అది మునిగాక?”

“మునిగాక ఏముంది, కనపడదు.”

“కనపడకపోతే ఏం రాశారు?”

“కనపడిన చివరి అంకె. ఖాళీగా వదిలితే పైవాళ్ళు ఊరుకుంటారా? ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. నువ్వే మొదటిదానివి.”

“నేను మాత్రం ముందే అడిగానా? ఆ ఇరవై నమ్మే మ్యాపు గీశాను. అక్కడిదాకా ఎరుపు, ఆపైన పచ్చ. బడి పచ్చలో ఉందని ఏటిగట్టు వీధులన్నీ పొద్దున ఖాళీ చేయించి జనాన్ని అక్కడ పెట్టించాను.”

“విన్నాను.”

“జనం ఓ పట్టాన కదల్లేదు. నన్ను చూసైనా వస్తారని ముందు మా అమ్మనీ పాపనీ తీసుకెళ్ళి కూర్చోబెట్టా.”

“పాపనా? అయ్యో, పాపనెందుకమ్మా...”

“ఎందుకంటే ఏంటి? ఆ వరదల్లో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి, నిజం చెప్పండి.”

“ఎప్పటి సంగతో... ప్రతిసారీ అంత రావాలని రూలేం లేదుగా.”

“పై డ్యాం గేట్లన్నీ ఎత్తేశారు. ఇప్పటికే పద్దెనిమిది దాటింది. మీ కాళ్ళు పట్టుకుంటా బాబాయ్, చెప్పండి!”

“అప్పటికింకా బడి కట్టలేదు. అదంతా పొలం. దాని మీదుగానే పడవలో వెళ్ళాం. గెడ వేస్తే నేల అందలేదు.”

“నా ఫోను... అలో! అలో, అమ్మా! కలవట్లేదు. బాబాయ్, మీ కోడలికి చేయండి. ఆవిడా పిల్లలూ అక్కడే కదా, అందర్నీ బయటికి తెమ్మనండి. చేయండీ!”

“వాళ్ళు అక్కడ లేరు.”

“లేకపోవడమేంటి? బడికి వచ్చినవాళ్ళ జాబితాలో మీవాళ్ళ నాలుగు పేర్లూ మీరేగా రాయించింది?”

“రాయమన్నారు, రాయించాను. మనుషుల్ని మాత్రం నిన్ననే కొండమీదికి పంపించేశానమ్మా.”