గీత ఉన్న పెట్టె ముందు పోవాలె

1993 జూన్ 14, సోమవారం ఉదయం, శ్రీ బాలరాజ్ గారు బేగంపేట విమానాశ్రయంలో మన కంపెనీ సామాను విభాగంలో లోడరుగా చేరారు. గౌలిపురలో ఇంటి బర్రెల పాలు పిండి, వాడకం ఇళ్లకు పోసి, సైకిల్ మీద వచ్చారు. గేటు దగ్గర జవాను సైకిల్‌ను ఆపితే విమానమే ఆయన కోసం పది నిమిషాలు ఆగిందని నేను పదహారేళ్లుగా చెబుతున్నాను. ఆయన కాదంటారు. ఇవాళ సన్మానం ఆయనది కనుక ఐదు నిమిషాలే ఆగిందని ఒప్పుకుంటున్నాను.

ఆ రోజుల్లో విశాఖ నుంచి బెంగళూరు పోయేవారూ, తిరుపతి నుంచి నాగపూర్ పోయేవారూ హైదరాబాద్‌లో దిగి విమానం మారేవారు. మనుషులు వాళ్లంతట వాళ్లే నడిచి మారతారు. పెట్టెలను మాత్రం మనమే నలభై నిమిషాల్లో మార్చాలి. గౌలిపురలో పది ఇళ్ల బర్రెలు కలిసి మేతకు పోయి వస్తే, కొమ్ముల రంగు చూసి ఏది ఎవరింటిదో బాలరాజ్ గారి తండ్రి చెప్పేవారట. ఆ పద్ధతినే ఆయన పెట్టెలకు పెట్టారు. విశాఖకు ఒక గీత, బెంగళూరుకు రెండు, తిరుపతికి మూడు నిలువు గీతలు. గీత ఉన్న పెట్టె అన్నిటికన్నా ముందు పోవాలి. సుద్ద నేను తెచ్చేవాణ్ణి. ధూల్‌పేటలో మా ఇంట్లో గణపతులను చేయగా మిగిలిన తెల్లపొడిని తడిపి, ముక్కలు చేసి ఆరబెట్టేవాణ్ణి. ఆ గీత వానకు చెరిగేది కాదు. ఒకసారి మూడు గీతల పెట్టె పొరపాటున నాగపూర్ విమానం ఎక్కి, తప్పు తెలుసుకుని తానే మెట్లు దిగి వచ్చింది. చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

1999లో ఆయన సూపర్‌వైజర్ అయ్యారు. ముప్పై ఎనిమిది మంది లోడర్లకు పెద్దదిక్కయ్యారు. ఎండలో, వానలో అందరి నడుములూ అరిగిపోయాయి. ఆయనది ముందుగా అరిగింది, అందరికన్నా ముందు వంగేది ఆయనే కనుక.

2007లో మన కంపెనీ చెన్నై కంపెనీతో కలిసిపోయింది. మన ప్రయాణికులు హైదరాబాద్‌లో విమానం మారేవారు, వాళ్ల ప్రయాణికులు చెన్నైలో. కలిసిన కంపెనీకి విమానాలు మారే కూడళ్లు రెండెందుకు, ఒకటి చాలన్నారు. శంషాబాద్‌లో కొత్త విమానాశ్రయం లేస్తోంది కనుక హైదరాబాదే పెరుగుతుందని మేము ఆశపడ్డాం. కూడలి చెన్నైకి పోతే ముప్పై ఎనిమిది మందిలో సగానికి పని ఉండదు. పెట్టెలు ఎంతసేపట్లో మారతాయో చూడడానికి డిసెంబర్‌లో పెద్ద ఆఫీసర్లు గడియారాలు పట్టుకుని వచ్చారు. చెన్నై కంపెనీ లోడర్లు, మన లోడర్లు కలిసి పనిచేసిన మొదటి రోజది. బాలరాజ్ గారు తెల్లవారక ముందే వచ్చి, దిగిన పెట్టె దిగినట్టే అరవై మూడు పెట్టెలకు గీతలు గీశారు.

విమానాలు వెళ్లిపోయాయి. అరవై మూడు పెట్టెలూ గోడ పక్కనే ఉన్నాయి, వరుసగా, శుభ్రంగా.

చెన్నై కంపెనీ తరఫున వచ్చిన సూపర్‌వైజర్ ఫణికుమార్ గారు, కాకినాడ మనిషి, గోడ దగ్గరికి వచ్చి అడిగారు: “ఈ గీతలు ఎవరు గీశారండీ?”

“నేనే గీసిన సార్. పద్నాలుగేండ్ల సంది గీస్తున్న. గీత ఉన్న పెట్టె ముందు పోవాలె.”

“మా దగ్గర గీత ఉంటే ఆపమని అర్థమండీ. అనుమానం ఉన్న పెట్టెకే గీస్తాం, తనిఖీకి పక్కన పెడతాం.”

“గట్లెట్ల సార్? పొమ్మని గీస్తే ఆపుడేంది?”

నేనుండబట్టలేక అన్నాను: “మస్తు పని జేసినం అన్నా. పెండ్లికొడుకుల లెక్క కూసోబెట్టిండ్రు.”

ఎవరూ నవ్వలేదు. చెప్పనిది ఎవరు, అడగనిది ఎవరు అని లొల్లి మొదలైతే బాలరాజ్ గారు అడ్డుపడ్డారు. “లొల్లి బంద్ జేయుండ్రి. గీతలు నావి, తప్పు నాది. రాసుకోండ్రి సార్.” ఆఫీసర్లు రాసుకున్నారు. మరునాటి మధ్యాహ్నం దాకా ఆయన ఇంటికి పోలేదు. పెట్టె చేరిందా అని ఊరూరికీ ఫోన్ చేయించి, అరవై మూడోది చేరాకే సైకిల్ తీశారు.

జనవరిలో ఉత్తరం వచ్చింది. కూడలి చెన్నైకి పోయింది. మార్చిలో శంషాబాద్‌కు మారేసరికి మేము పదిహేడు మందిమి మిగిలాం. అక్కడ నేల అద్దంలా ఉంది, పెట్టెలను బెల్టే మోస్తుంది, మారే పెట్టెలే లేవు. ఏడాదిన్నర పాటు బాలరాజ్ గారు సుద్ద ముట్టలేదు. పని పోయిన ఇరవై ఒక్క మంది ఇళ్లకూ పండగ పండగకూ పాలు పంపారు.

కంపెనీలు కలిసినప్పటి నుంచి మన దగ్గరే ఉన్న ఫణికుమార్ గారు పోయిన వారం ఆయన పక్కన కూర్చుని చెప్పారు. “కూడలి పోయింది మీ గీతల వల్ల కాదండీ. విమానాలు బాగుచేసే షెడ్డు చెన్నైలో ఉంది. రాత్రి అవి అక్కడే పడుకోవాలి, పొద్దున అక్కడే లేవాలి. పైగా రెండు కంపెనీల విమానాలూ ఒకే వేళకు ఒకే ఊరికి పోయేవి, సగం తీసేశారు. ఇదంతా నవంబర్‌లోనే తేలిపోయింది. డిసెంబర్‌లో వచ్చింది ఊరికే చూసిపోవడానికండీ.”

బాలరాజ్ గారు బెల్టు వైపు తిరిగి అన్నారు: “గా ముచ్చట గప్పుడే జెప్పుంటే, ఏడాదిన్నర మంచిగ పండుకుంటుంటి గద సార్.”

“నాకూ మొన్ననే తెలిసిందండీ.”

ఫణికుమార్ గారు జాలితో అల్లి చెప్పారేమోనని ఆయన మొహాన్ని పట్టి పట్టి చూశాను. అల్లి చెప్పడం నా చేతి పని, ఎవరు చేసినా పోల్చుకుంటాను. అది అల్లింది కాదు.

ఈ ఆగస్టు 31న బాలరాజ్ గారు పదవీ విరమణ చేస్తున్నారు. పదహారేళ్లు విమానాల కింద తిరిగారు గానీ ఒక్కసారీ ఎక్కలేదు. అందుకే ఆయనకూ, సతీమణి రాజమణి గారికీ మేమంతా కలిసి విశాఖ టికెట్లు తీశాం. విమానం ఇప్పుడు చెన్నైలో మారాలి.

“తూర్పుకు పోనీకి దక్షిణం తిరుగుడేంది?” అన్నారు రాజమణి గారు. “పెట్టె ఆడనే ఉండిపోతే నేనేం కట్టుకోవాలె?”

“ఫికర్ జేయకు. పోతది,” అన్నారు బాలరాజ్ గారు. ఆ మాట ఆయన నోట విని చాలా కాలమైంది.

నిన్న నేను ధూల్‌పేట నుంచి ఒక సుద్దముక్క తెచ్చాను. ఫణికుమార్ గారు దాన్ని అడిగి తీసుకుని, బాలరాజ్ గారి పెట్టె మీద ఒక గీత గీశారు. తర్వాత చెన్నైకి ఫోన్ చేసి, రేపు గీత ఉన్న పెట్టె ఒకటి వస్తుంది, ఆపొద్దు, అన్నిటికన్నా ముందు పంపండి అని రెండుసార్లు చెప్పారు.

బాలరాజ్ గారి నడుము నొప్పి మన విభాగంలోనే దిగిపోవాలనీ, ఆయన రాజమణి గారితో కలిసి నిండు నూరేళ్లు కంటినిండా నిద్రపోతూ ఆరోగ్యంగా ఉండాలనీ, వాళ్లు దిగిన ప్రతి చోటా వాళ్ల పెట్టె ముందే వచ్చి ఎదురుచూస్తుండాలనీ పదిహేడు మందిమి, మాతో పాటు ఆ ఇరవై ఒక్క మందీ, మనసారా కోరుకుంటున్నాం.

— సీతారాం, సామాను విభాగం