ఫైలు లేని ఫైలు

ఆస్పత్రి ఎదురుగా ఉన్న టీ కొట్లో బావ కబుర్లు అందుకున్నాడు. ఆస్పత్రి కంప్యూటర్ గదికి ఆయనే పెద్ద, బావమరిది ఆయన కింద పనిచేస్తాడు. కాసేపట్లో లోపల అక్కకి ఆపరేషన్. భయం వేసినప్పుడే బావ కోతలు మరీ ఎక్కువ కోస్తాడని తెలుసు కాబట్టి బావమరిది అడ్డు తగలకుండా వింటున్నాడు.

"పొద్దున్నే ఒక పని తగిలింది. ఏ పేషెంటుకి ఏ మందు పడదో ఆ జాబితా కొత్తది ఎక్కించాలి. వార్డుకో ముక్క చొప్పున పంపారు. ఇంకొకడైతే అన్నీ కలిపి ఓ ఫైలు చేసి, దాని పేరు ప్రోగ్రామ్‌కి ఇస్తాడు. నేనా? పేరుండాల్సిన చోట ఓ బాణం గుర్తు, పక్కనే బ్రాకెట్లు, లోపల కలిపే కమాండు! అటు ముక్కలు కలుస్తుంటే ఇటు ప్రోగ్రామ్ అది నిజం ఫైలే అనుకుని చదివేసుకుంది. అసలు ఫైలే పుట్టలేదు! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"డిస్కు అలిగిందా సార్?" అన్నాడు టీ కొట్టాయన.

"అలగడమా! పాత ఉద్యోగంలో ఈ బ్రాకెట్ల దెబ్బకి డిస్కుకి పనే లేకుండా పోయిందయ్యా. పీకి అటక మీద పడేశా. మిషన్ నడిచింది. ఓరోజు కరెంటు పోయింది, అప్పుడూ నడిచింది! కరెంటు ఉండాల్సిన చోట కూడా బ్రాకెట్లే పెట్టా మరి. మా ఆఫీసరు కాళ్ల మీద పడబోతే ఆయన్నీ బ్రాకెట్లో పెట్టి ఇంటికి పంపించా!"

కొట్టంతా ఘొల్లుమంది. బావమరిది మాత్రం బావ వైపు జరిగాడు.

"బావా, ఆ ప్రోగ్రామ్ ఫైలుని రెండుసార్లు చదువుతుంది కదా. మొదటిసారి తప్పులున్నాయేమో చూస్తుంది. తర్వాత పాత జాబితా చెరిపేసి, మళ్లీ మొదట్నుంచి చదివి కొత్తది ఎక్కిస్తుంది."

"చదవనీరా, మనదేం పోయింది?"

"నీ బ్రాకెట్లోంచి వచ్చేది ఒక్కసారే వస్తుంది బావా. రెండోసారి చదవడానికి ఏం మిగులుతుంది?"

"పూర్తయిందని తెరమీద వచ్చిందిరా..." బావ బల్ల మీంచి లేచాడు. "మొత్తం ఖాళీ అంటావా?"

"పాతది పోయింది, కొత్తది ఎక్కలేదు. డాక్టరు చూస్తే అక్క పేరు పక్కన తనకి పడని మందు కనిపించదు. ఏ మందైనా ఇవ్వొచ్చనుకుంటారు."

బావ చేతిలోంచి గ్లాసు జారిపోయింది. ఆపరేషన్ గదికి ఫోన్ కలిపి, ఆగమని అరిచాడు.

"పేషెంటుకి ఏ మందు పడదండీ?" అవతల నర్సు అడిగింది.

అంతసేపు వాగిన మనిషి ఫోన్‌ని గుండెకి అదుముకుని బావమరిది వైపు తిరిగాడు.

"ఒరేయ్, మీ అక్కకి పడని మందు పేరేంట్రా?"