తలకిందులైన నాలుగు గొట్టాలు

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిదవ సంవత్సరం జూలై మూడవ తేదీ, సోమవారం ఉదయం, సముద్రగర్భ అవక్షేపాలను పరిశీలించే మన ప్రయోగశాలలో కనిష్ఠ శాస్త్రవేత్తగా చేరిన నాడే, ఇప్పుడు మనం వీడ్కోలు పలుకుతున్న మేడమ్ తమ బల్ల మీది తూనికయంత్రాన్ని అనుమానించారట. అది అసలు బరువు కంటే తక్కువ చూపుతోందని మధ్యాహ్నానికల్లా నిరూపించారట కూడా. ఆనాటి ప్రయోగశాల సహాయకులు, మేమందరం బాబాయి అని పిలుచుకున్న పెద్దమనిషి, ఈ ఉదంతం చెప్పి నవ్వేవారు. "ఆరేళ్లుగా దాంతోనే తూస్తున్నాం. ఎవరూ ఏమీ అనలేదు. ఈవిడొచ్చి పూట తిరక్కుండా మా ఆరేళ్ల పనీ నీళ్లపాలు చేసింది." 'మళ్లీ తూచండి' అన్న మాట నోట రాని రోజు లేదు గనుక, ఆమెకు 'మళ్లీ మేడమ్' అన్న పేరు స్థిరపడిపోయింది. ఆ పేరు ఆమెకు తెలియదని మనమందరం అనుకున్నాం. ఆమెకు తెలుసు.

తొలి పదేళ్లలో ఆమె నడవని తీరం మన పరిశోధన పరిధిలో లేదనే చెప్పాలి. నదీముఖాల వద్ద ఒండ్రు ఎంత పేరుకుంటున్నది, అలలు ఏ ఋతువులో ఇసుకను ఎటు తరలిస్తున్నవి, సముద్రపుటడుగు పొరలలో ఏనాటి తుఫానుల జాడలు దాగి ఉన్నవి అన్న ప్రశ్నల వెంట ఆమె పదకొండు సముద్రయాత్రలు చేశారు. ఓడలో ఆడవారికి వేరే గది లేదన్న సాకుతో రెండుసార్లు ఆమె పేరు కొట్టివేశారు. మూడవసారి సామాన్ల గదిలో మడతమంచం వేయించుకొని బయలుదేరారు. ఇంట్లోనూ ఆమె తీరు ఇంతే. వారి అమ్మాయి చెప్పగా విన్నాను: "నాకు జ్వరమొస్తే అమ్మ మూడుసార్లు థర్మామీటర్ పెట్టి సగటు తీసేది. ఆ సగటు తేలేలోపు జ్వరమే తగ్గిపోయేది."

పందొమ్మిది వందల తొంభై తొమ్మిదిలో నేను ఆమె బృందంలో చేరాను. అనుమానించే గుణం నాకూ తక్కువేమీ కాదు. కాకపోతే ఆమె కొలతలను అనుమానించేవారు, నేను మనుషులను అనుమానించేవాణ్ణి. నా ఎదుట ఇద్దరు గొంతు తగ్గించి మాట్లాడుకుంటే అది నా గురించేనని నమ్మేవాణ్ణి. ఈ తేడా ఎంతటిదో తెలియడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. ఆ సంగతి ఈ వీడ్కోలు సంచికలో రాయడం ఉచితమా కాదా అని చాలా తర్జనభర్జన పడి, చివరికి రాస్తున్నాను.

రెండువేల ఒకటి ఫిబ్రవరిలో ఒక అఖాతంలో నమూనాల సేకరణ జరిగింది. బరువైన ఇనుప గొట్టాన్ని ఓడ మీద నుంచి నీటిలోకి వదిలితే, అది అడుగు మట్టిలో నిలువునా దిగబడి, పొరలు చెదరకుండా మట్టిని తనలో నింపుకొని వస్తుంది. దాన్ని పైకి లాగగానే పై కొన ఏదో తెలిసేలా బాణం గుర్తు వేయాలి. పైపొర అంటే నిన్నమొన్నటి సముద్రం, అడుగుపొర అంటే మన ముత్తాతల కాలపు సముద్రం. ఆనాడు ఉదయం నాలుగు గొట్టాలకు బాణాలు వేసిన చేయి నాది. ఓడ ఊగిసలాటకు నిలదొక్కుకోలేక, ఒక చేత్తో కమ్మీ పట్టుకొని, రెండవ చేత్తో గీశాను.

ఆ గొట్టాలను ఆధారం చేసుకొని మరుసటి ఏడు మన సంస్థ ఒక పత్రం ప్రచురించింది. అఖాతంలోకి ఇసుక రావడం పెరుగుతున్నదనీ, ఆ తీరం స్థిరంగా ఉన్నదనీ అందులో నిర్ధారించారు. ప్రధాన రచయిత్రిగా ఆమె పేరు, చివరన నా పేరు ఉన్నాయి. ఆ పత్రాన్ని చూపించి, ఒడ్డుకు ఆనుకొని ఉన్న ఖాళీ స్థలంలో పిల్లల బడి కట్టడానికి స్థానిక అధికారులు నిర్ణయించారు.

రెండువేల మూడు ఆగస్టులో నాకొక వింత కనిపించింది. భోజన విరామంలో అందరూ కిందికి దిగాక ఆమె చల్లని నిల్వగదిలోకి వెళ్లి లోపల గడియ పెట్టుకుంటున్నారు. ఒకనాడు తలుపుకున్న చిన్న అద్దంలోంచి చూశాను. ఆ నాలుగు గొట్టాల నుంచి కోసిన మట్టి డబ్బీల మీది చీటీలను ఆమె ఒక్కొక్కటే ఊడబెరుకుతున్నారు. పక్కన బాబాయి వాటి స్థానంలో వేరే నంబర్లు అంటిస్తున్నారు. మర్నాడు ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి, ఏమీ ఎరగనట్టే అడిగారు.

"ఆ రోజు ఓడ మీద బాణాలు ఎవరు వేశారు? గుర్తుందా?"

"నేనే మేడమ్. ఏం?"

"ఏం లేదు. నాలుగూ నువ్వేనా?"

"నాలుగూ నేనే. సరిగ్గానే వేశాను."

"సరే" అని వెళ్లిపోయారు.

ఆ 'సరే' నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. పత్రంలో ఏదో లొసుగు బయటపడిందనీ, చీటీలు మార్చి దాన్ని నా నెత్తిన రుద్దబోతున్నారనీ నిశ్చయించుకున్నాను. రెండు రోజులు ఆమె ఎవరితో మాట్లాడినా చెవులు రిక్కించాను. మూడవ రోజు సంచాలకులకు పేరులేని ఉత్తరం టైపు చేసి పంపాను. నిల్వగదిలో నమూనాల తారుమారు జరుగుతున్నదని, ఆ గొట్టాల నంబర్లతో సహా రాశాను.

సంచాలకులు ఆమెను పిలిపించారు. సాక్షులుగా బృందమంతటినీ కూర్చోబెట్టారు. ఉత్తరం ఆమె చేతికిచ్చి, "దీనికి మీ సంజాయిషీ ఏమిటి?" అన్నారు. ఆమె దాన్ని నింపాదిగా రెండుసార్లు చదివారు.

"నిజమేనండీ. చీటీలు మార్చాను" అన్నారు.

నేను నేల చూపులు చూస్తున్నాను.

ఆమె బాబాయి వైపు తిరిగారు. ఆయన జేబులోంచి లక్క వేసిన కవరు తీసి బల్ల మీద పెట్టారు. అప్పుడు ఆమె వివరించారు. తుఫాను కెలికిన మట్టి తిరిగి అడుగుకు చేరేటప్పుడు బరువైన ముతక ఇసుక ముందు దిగుతుంది, సన్నమట్టి ఆ తర్వాత దిగుతుంది. కాబట్టి ప్రతి తుఫాను పొరలోనూ ముతకది కింద, సన్నది పైన ఉండాలి. ఆ నాలుగు గొట్టాలలో మాత్రం వరస తిరగబడి కనిపిస్తున్నదని ఆమెకు అనుమానం వచ్చింది. తన పత్రం తప్పని తానే తేల్చబోతున్నప్పుడు తన కన్ను తనను మోసం చేయవచ్చు. అందుకని వాటిని వేరే యాత్రలో తెచ్చిన ఆరు గొట్టాల డబ్బీలతో కలిపి, కొత్త నంబర్లను బాబాయి చేత తాను చూడకుండా కలగాపులగంగా వేయించి, ఏ డబ్బీ ఏ గొట్టానిదో తనకే తెలియకుండా చేసుకున్నారు. బాబాయి రాసిన అసలు జాబితా ఆ కవరులో ఉంది.

"మరి తలుపెందుకు వేసుకున్నారు?" అన్నారు సంచాలకులు.

"తేలకముందే నలుగురికీ తెలిస్తే, ఎవరో ఒకరి మీద నింద పడుతుంది కదండీ."

అందరి ఎదుట కవరు విప్పి, అప్పటికే ఆమె రాసిపెట్టుకున్న కొలతలతో సరిపోల్చారు. సరిగ్గా నాలుగు గొట్టాలు తలకిందులుగా ఉన్నట్టు తేలింది. ఆ నాలుగూ నావే. పెరుగుతున్నదనుకున్న ఇసుక నిజానికి తరిగిపోతున్నది. తీరం కోతకు గురవుతున్నది.

ఆ వారమే ఆమె పత్రాన్ని ఉపసంహరించుకున్నారు. 'నమూనాల దిశను గుర్తించడంలో జరిగిన పొరపాటుకు ప్రధాన రచయిత్రిగా బాధ్యత నాదే' అని తమ సంతకంతో ప్రకటించారు. నా పేరు ఎక్కడా రాలేదు. రావలసిన పదోన్నతి ఆమెకు నాలుగేళ్లు ఆగిపోయింది. బడిని ఒడ్డు నుంచి బాగా లోపలికి జరిపి కట్టారు. పదకొండేళ్ల తర్వాత ఒక తుఫానుకు పాత స్థలంలో సగం కడలి పాలయింది. మిగతా సగంలో ఈనాటికీ గడ్డి మొలుస్తోంది. మొత్తం పోయిందని రాస్తే ఆమె ఊరుకోరు.

ఆ తర్వాత ఆమె మన నిల్వగదికి అధిపతి అయ్యారు, ఏడుగురు పరిశోధకులకు మార్గదర్శకత్వం వహించారు, చిట్టచివరి ఆరేళ్లు విభాగాధిపతిగా పనిచేశారు. ఇన్నేళ్లలో ఆ ఉత్తరం ప్రసక్తి ఎన్నడూ తేలేదు. నేను మాత్రం ఆమె నన్ను పలకరించిన ప్రతిసారీ, మెచ్చుకున్న ప్రతిసారీ, దీని వెనుక ఏముందో అని తడుముకుంటూనే బతికాను. పోయిన నెల సంచిక సంఘం వారు, "మీరే రాయాలని మేడమ్ పట్టుబట్టారు" అన్నప్పుడు నా అనుమానం పరాకాష్ఠకు చేరింది. ఇక ఉండబట్టలేక ఆమె గదికి వెళ్లాను. ఆమె పుస్తకాలు పెట్టెలకు సర్దుతున్నారు.

"మేడమ్, ఆ ఉత్తరం రాసింది నేను."

"తెలుసు" అన్నారు, చేతిలో పని ఆపకుండా. "అందులో గొట్టాల నంబర్లున్నాయి. అవి నోటికి వచ్చినవాళ్లం నువ్వూ, నేనూ, బాబాయీ. నేను రాయలేదు. బాబాయికి టైపు రాదు."

"ఇరవై ఏళ్లు ఒక్కమాట అనలేదేం?"

"అనుమానం రావడం తప్పా? నా మీద నీకు వచ్చింది, నా లెక్క మీద నాకు వచ్చింది. నువ్వు లోపలికొచ్చి అడిగి ఉంటే చీటీలు ఊడబెరకడానికి ఇంకో మనిషి దొరికేవాడని మాత్రం అనుకున్నాను. కోపం లేదనను. ఓ రెండేళ్లు ఉంది."

"మరి ఇప్పుడు నన్నే ఎందుకు రాయమన్నారు?"

"మిగతావాళ్లు పొగుడుతారు. నువ్వు జరిగింది రాస్తావని" అని పెట్టె నా వైపు తోశారు. "అటు పక్క పట్టుకో. బరువుగా ఉంది."

ఇద్దరం దాన్ని మోసుకొని రెండు అంతస్తులు దిగాం. లెక్కల మాస్టారైన వారి భర్త గేటు దగ్గర ఎదురుచూస్తున్నారు. ఇన్నేళ్లలో ఆమె పక్కన భయం లేకుండా నడిచింది ఆ రెండు అంతస్తులే.

ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న ఆ విదుషీమణికి, ముప్పై అయిదేళ్ల అలసట తీరేటంతటి విశ్రాంతి లభించాలనీ, తడి ఇసుకలో నడిచే ఓపిక మోకాళ్లకూ, సన్నని రేణువును పోల్చగల చూపు కన్నులకూ చిరకాలం నిలవాలనీ కోరుకుంటున్నాను. భర్త, కుమార్తెల ఆదరాభిమానాల నడుమ ఆయురారోగ్యాలతో ఆమె సుదీర్ఘకాలం వర్ధిల్లాలి. నాకు క్షమాపణ చెప్పుకోవడానికి ఒక్క పూటే దొరికింది, కబుర్లు చెప్పుకోవడానికి మాత్రం చాలా ఏళ్లు మిగలాలి.