తవుడు పోసి కొన్న పిల్ల

అమ్మీసినారంటే నిజింగా అమ్మీసినారని కాదమ్మా, పెద్దపంతులమ్మగోరూ! ఓలమ్మో, ఎంత మాట! మీరు ఆ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టీసరికే నా పేణాలు సగం పోనాయి. పోలీసులకి కబురెడతానన్నారు. పోలీసులెందుకు తల్లీ? నాను పిల్లల్ని ఎత్తుకుపోయేదాన్లాగ అగుపడతన్నానేటి?

కూకోమన్నారా? ఆ కుర్సీలో వద్దమ్మా. ఇక్కడే, నేల మీద కూకుంటాను. ఎత్తు మీద కూకుంటే నాకు మాట రాదు.

నాతో వొచ్చిన పిల్లని, మా గుంటని, బయటికి పంపించీసినారు. అదిగో, కుళాయి కాడ నిలబడున్నాది, కిటికీలోంచి సూడండి. ఏడుస్తన్నాదనుకుంటన్నారా? అది ఏడవదు, పెదవి కొరుక్కుంటాది. పొద్దుట్నుంచి మీరు రాయమన్నది రాసినాది, సదవమన్నది సదివినాది, లెక్కలన్నీ సేసినాది. ఆ సిన్న పంతులమ్మగోరు నా ఎదటే అన్నారు, ఈ పిల్లకి సీటొచ్చినట్టే, ఇంక పెద్దపంతులమ్మగోరు ఓపాలి మాటాడితే అయిపోతాదని. ఆ ఓపాలి మాటలోనే కొంప ములిగింది.

మీరేటడిగినారు? మీ అమ్మ పేరేటని అడిగినారు. అసిరమ్మ అన్నాది. అంటే నాను. మా ఊరి మేష్టారిచ్చిన కాయితంలో సూస్తే తల్లి పేరు నీలవేణి అనున్నాది. మరి నీలవేణి ఎవరే అంటే మా పిన్ని అన్నాది. అదేటే అంటే, ఆవిడి నన్ను తవుడికి ఈ అమ్మకి అమ్మీసినాదండి అన్నాది. అంతే కదా?

అందులో అబద్దం ఒక్క ముక్క నేదమ్మా. అబద్దాలాడే పిల్లకి నా బడిలో చోటు లేదని మీరు దాని మొకం మీదే అనీసినారు. రైల్లో వస్తన్నప్పుడు నానే సెప్పినాను దానికి, పెద్దపంతులమ్మగోరు ఏటడిగినా ఉన్నదున్నట్టు సెప్పీవే, బెదిరిపోకు అని. సెప్పీసినాది. నా బుద్ది గెడ్డి తిన్నాది.

అబద్దమాడినోళ్లం మేవు. దాంతో కాదు. మీతో కాదు.

ఎవుల్తోనా? సెప్తాను గాని, ఆ తలుపు ఓపాలి దగ్గిరికెయ్యనిస్తారా? నవ్వుకోండి, పరవానేదు. గట్టిగా అనుకునే మాట కాదది.

మాది నరసన్నపేట అవతల పల్లె. నాకు పెళ్లయిన ఏడాదికే మా ఆయన జొరమొచ్చి పోనాడు. పిల్లా పీసూ నేరు. అటు పుట్టిల్లు, ఇటు అత్తోరిల్లు, ఎవులు రమ్మన్నా ఎళ్లనేదు. ఆ ఇంట్లోనే ఉండిపోనాను. గోడ అవతల రాముడూ, నీలవేణీ ఉంటారు. మాకు అయినోళ్లే. ఆళ్లకి పిల్లలు పుట్టడం, పోవడం. ముగ్గురు పోనారమ్మా. ఆకరోడికి పేరు కూడా పెట్టనేదు. నీలవేణి కడుపుతో ఉన్నాదంటే ఊరోళ్లు సంబరపడడం మానీసినారు.

నాలుగో కానుపుకి మంత్రసాని బుల్లమ్మ అన్నాది కదా, "ఒలే నీలా, పిల్లల్ని ఎత్తుకుపోయే మిత్తి, ఆ సావుదేవత, నీ గుమ్మం మరిగింది. నీ పిల్ల అంటే ఇదీ దక్కదు. బొడ్డు కొయ్యగానే తవుడికి అమ్మీయ్!"

మా వైపు అది ఉన్నదే తల్లీ. ఊరూరా తవిటమ్మలూ, తవిటయ్యలూ ఎందుకున్నారనుకుంటన్నారు? ఆళ్లందరూ తవుడికి అమ్ముడుపోయి బతికినోళ్లే. పొద్దుట మీ వరండాలో పద్మకుమారి అనే గుంట, రిబ్బన్లెట్టుకుందే, ఆ గుంట తవిటమ్మ అన్న మా దాని పేరు ఇని కిసుక్కుమంది. నవ్వితే నవ్వింది. పద్మకుమారి అని ముద్దుగా పెట్టుకుంటే మా దాన్ని ఎవులు ఉండనిత్తురు?

గుంటని సేటలో పెట్టి దొడ్డి గుమ్మంలోంచి నాకందించినారు. నాను సేటడు తవుడు అట్టుకెళ్లి, "ఏటమ్మా, పిల్లనమ్ముతావా?" అని అడగాల. "అమ్ముతాను, నల్లగా ఉన్నాది, బక్కగా ఉన్నాది, నాకెందుకు?" అని నీలవేణి అనాల. గట్టిగా అనాలమ్మా. ఎవులు ఇనాలో ఆళ్లకి ఇనబడాల కదా! అనడం అన్నాది గాని, అనీసి మొకం గోడకేసి తిప్పుకున్నాది. నాను దాని ఒళ్లో తవుడు పోసీసి, గుంటని ఎత్తుకుని ఇంటికొచ్చీసినాను.

పాలు నీలవేణే ఇచ్చీది. ఆకలేసినప్పుడల్లా గోడ మీంచి అందించీదాన్ని. తాగినాక మళ్లీ నా కాడికే. మాటలొచ్చినాక నన్ను అమ్మా అన్నాది, కన్నతల్లిని పిన్నీ అన్నాది, రాముణ్ని సిన్నాయనా అన్నాది. రాముడు దానికి పావడా కుట్టించినా నా సేతికే ఇచ్చీవోడు, నువ్వే ఇయ్యి అప్పా, నానిస్తే తెలిసిపోతాదని. ఎవులికి తెలిసిపోతాదో ఆడూ అనడు, నానూ అడగను.

అది ఆటే అనుకున్నానమ్మా మొదట్లో. పాలు మానీదాకా అనుకున్నారు. మరి నడిసీదాకా అన్నారు. అమ్మోరు పోసి తగ్గినాక, ఇంకేటి బెంగ నేదు గాని కదపొద్దు అన్నారు. పెళ్లినాడు నీలవేణి కొత్త కోకా, సేటడు తవుడూ పట్టుకొచ్చి నా కాడ తిరిగి కొనుక్కుంటాది. అప్పుడు గాని ఆళ్లది కాదు. అదీ మా ఊరి పద్దతి.

ఈలోగా ఆట ఏటైందో నన్నడగండి.

పొద్దు గూకినాక దీపం కాడ కూకుని గట్టిగా సదువుతాది. ఏటి సదువుతాదో నాకు తెల్దు. కొత్త వరి విత్తనం వొచ్చినాది కదా, ఐఆర్ ఎనిమిదో ఏటో, దాని గురించి గ్రామసేవకుడు కాయితాలు పంచీసి పోతే ఊర్లో మొగోళ్లందరూ మా అరుగు మీదకొచ్చి దీని సేత సదివించుకున్నారు. నాను లోపల అంబలి కాసుకుంటా ఇన్నాను. అడుగంటిపోనాది అంబలి. ఇంట్లో ఒక గొంతుండడం అంటే ఏటో మీకు తెలుసా తల్లీ?

తెలిసుంటాది లెండి. మీకూ ఎవులూ నేరంట కదా. ఆ ఆయా నారాయణమ్మ సెప్పింది, ఇక్కడే ఓ గదిలో ఉంటారని. తప్పుగా అనుకోకండి. మీకు ఇంతమంది గుంటలున్నారు. నాకు ఒక్కర్తే.

ఇక్కడికి పంపాలని ఎవులన్నారా? మేష్టారన్నారు. రాముణ్ని అడిగితే, నీ గుంట, నీ ఇష్టం అప్పా అనీసినాడు. ఆళ్లెందుకు రానేదంటే, నీలవేణి ఇప్పుడు పచ్చి బాలింతరాలు. ఈపాలి మొగపిల్లడు, గట్టిగా ఉన్నాడు. రాముడికి ఆకుమడి పన్లు. అందుకని నాను తిలారులో రైలెక్కించి తెచ్చినాను. దారి పొడుగునా అది కిటికీ కాడ కూకుని ప్రతీ టేసను పేరూ నాకు సదివి సెప్పినాది.

ఏటన్నారు? మళ్లీ అనండి. పిల్ల మీద మాట ఎవరిదనా?

ఆఁ... ఇన్నాను. సాలూరు వైపు గుంటా? అందరికన్నా మార్కులొచ్చిన గుంటేనా? ఏడాది మజ్జిలో మేనమావొచ్చి పెళ్లికని తోలుకుపోనాడా! మరి దాని అమ్మా నాన్నా? పెంచినోడు ఆడే, మా మాట సెల్లదన్నారా! అయ్యో. సీటు అలగే కాళీగా ఉండిపోనాదా? గేటు కాడ ఏడిసెళ్లిన ఇంకో గుంటకి వొచ్చుండాల్సిన సీటు కదా. కోపమొస్తాది తల్లీ. ఎవులికైనా వస్తాది.

అందుకని, లెక్కలొస్తే సాలదు. పిల్లకి ఒక్క ఇల్లుండాల, ఒక్క మాటుండాల. అదేనా మీరంటన్నది?

మరి నాదే అంటేనో? నా పిల్లే, నా మాటే అంటేనో?

కాయితం కావాలా. దత్తత కాయితం. తవుడికి కాయితమేటి తల్లీ! కోడి తినీసినాది ఆ తవుడు.

అలగ నా మొకంలోకి సూడకండి. సెప్పీస్తాను. నాకో తమ్ముడున్నాడు. ఆడికో కొడుకున్నాడు. మేనరికమే కదా, దీన్ని ఆడికి సేసీస్తే ఎక్కడికీ పోదు, నా గుమ్మంలోనే తిరుగుతాది, ముసిల్దాన్నయినాక ఓ ముద్ద ఎడతాది అనుకున్నాను. ఎవుల్తోనూ అన్నేదు. మనసులో అనుకున్నాను. మీరు ఆ సాలూరు గుంట సంగతి సెప్తంటే నా సంగతే ఇన్నట్టున్నాది. ఆ మేనమావకీ నాకూ తేడా ఏటున్నాది? ఆడికీ ఎవులూ నేరేమో, పాపం.

పోనీ, నీలవేణి ఆళ్ల పిల్లే అంటేనో? అప్పుడు ఆళ్ల పేర్లే రాసుకుంటారా. ఆదోరం ఆళ్లే రావాల సూడ్డానికి. సెలవులకి ఆళ్లే తీసుకెళ్లాల. కాయితంలో పేరు నేనోళ్లని గేటు కాడే ఆపీస్తారా?

నిజిమే. మంచిదే. ఆడపిల్లల హాస్టలు కదా, ఎవుల్ని పడితే ఆళ్లని రానిస్తే ఎలగ. రానివ్వకండి. మా గుంటున్న కాడికి ఎవుల్ని పడితే ఆళ్లని రానివ్వకండి.

గోడవతల నీలవేణి ఉన్నాది, ఎళ్లొచ్చినాక సెప్తాది లెండి, ఎలగున్నాదో. సెప్తాది. మంచిది నీలవేణి. దానికీ ఇన్నాళ్లూ ఎలగుండీదో! కన్నకూతురు పిన్నీ అంటంటే పలకడం. ఒక్క నాడు నోరు జారనేదు. నానైతే జారీదాన్ని.

ఒక్కటి సెప్పండి. ఒక్క మాట సెప్పీస్తే సీటు ఇచ్చినట్టేనా? తలూపితే సాలదమ్మా, నోటితో అనండి.

ఆఁ. అన్నారు. ఇన్నాను.

నాకు బయమేస్తన్నాది తల్లీ. మీరు సదువుకున్నోరు, మీకు ఇది నవ్వులాట. ఆ మాట ఊర్లో ఎవులూ అనరు. కుళ్లు దెబ్బలాటల్లో కూడా, నీ కడుపున పుట్టిందేటే అని నన్ను ఎవులూ అన్నేదు. అంటే మిత్తి ఇంటాది. అమ్మినప్పుడు ఊరంతా ఇనబడీలాగ అరిసినాం కదా. ఇప్పుడు మెల్లగా అనొచ్చునా? మీరు ఇంటే సాలు కదా?

అయినా ఇంత దూరం రైలెక్కి వొచ్చినాం. మిత్తికి ఈ ఊరి దారి తెల్దనుకుంటాను. తెలిసొచ్చినా, ఇంతమంది తెల్లజాకెట్ల గుంటల్లో మా దాన్ని ఎక్కడ పోలుస్తాది? అందరూ రెండేసి జెడలే. ఆ రిబ్బన్లు మా దానికీ కట్టించండి. బేగి కట్టించండి.

రాసుకోండి.

తల్లి నీలవేణి. తండ్రి రాముడు. ఆళ్ల మాటే మాట. నీలవేణికి పురుడెళ్లినాక ఇద్దరూ వొచ్చి మీ ఎదట ఏలిముద్దరేస్తారు, సదువయ్యీదాకా పెళ్లి మాట ఎత్తమని. ఎత్తరు. ఎత్తే మనిషిని నానొక్కర్తినే, నాకు మాటే నేదు కదా ఇంక.

ఇంకా అనాలా?

పిల్ల నాది కాదమ్మా.

అనీసినాను. ఇన్నారు కదా. రెండోపాలి అనమనకండి.

మరి నాను ఏటవుతానా? ఏటి రాసుకుంటారు... పక్కింటి మనిషి అని రాసుకోండి. తోడొచ్చినాది. అంతకన్నా ఆ గడిలో ఏటి పడతాది.

మంచినీళ్లొద్దు. బాగానే ఉన్నాను. పెళ్లినాడు కొత్త కోకొస్తాది, సేటడు తవుడొస్తాది అనుకుంటే, ఇక్కడ మీ గచ్చు మీద కూకుని ఊరికినే ఇచ్చీసినాను. బేరం తెల్దు నాకు. అప్పుడూ తెల్దు, ఇప్పుడూ తెల్దు.

పిలవండి దాన్ని. సీటొచ్చిందని మీరే సెప్పండి, మీ నోట ఇంటే దానికి సంబరం. అబద్దాలకోరన్నారు కదా, ఆ మాటొకటి ఎనక్కి తీసుకోండి. పెదవి వదిల్తాది.

మరొక్కటమ్మా. తలుపు తియ్యగానే అది నన్ను "అమ్మా" అని పిలుస్తాది. మీరు ఇన్నా ఇననట్టు ఊరుకోండి. కసరకండి. అలవాటు అంతే. మీ కాడ నాలుగు రోజులుంటే అదే పోతాది.