సేవలు అనే బటన్

“వెతకడం చేతకాక వెబ్‌సైటును తిడతావేందిరా సైమనూ? కళ్లు నెత్తికెక్కినాయా?”

ఉదయగిరి బస్టాండు దగ్గర శీనమ్మ టీకొట్టులో గ్లాసు చేతబట్టుకునే ఎడ్విన్ గదమాయించాడు. ఊళ్లో మిషన్ ఆసుపత్రికి ఆ వెబ్‌సైటు చేసిపెట్టింది తానే. దాన్ని ఎవరేమన్నా తన ఒంటి మీద దెబ్బ పడ్డట్టే ఉండేది.

“దుత్తలూరాయన, వేలిముద్ర మనిషి, ఒక్క ఒత్తు ఒత్తినాడు, ఎక్స్‌రే గది దొరికింది. అది చిన్న ముచ్చట. ఆత్మకూరు బస్టాండులో పెళ్లాం తప్పిపోయినోడు నా సైటు తెరిచి, ఏది యాడుండాదో ఆ వరస చూసుకొని, అదే వరసలో వెతికితే ఆమె బల్ల మీద జామకాయ తింటా కూర్చోనుండాది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“మళ్లా తప్పిపోయేదానికి ఆమె దోవ వెతుక్కున్నింది” అన్నాడు సైమన్.

“నోరు ముయ్. సీతారామపురం అడవిలో తప్పిపోయిన మేకలు, కాపరి ఫోన్లో నా మెనూ చూసి వరస కట్టి ఇంటికొచ్చినాయి. మెనూలో పేర్ల మాదిరే తల్లులు పైన, పిల్లలు కింద! అంతెందుకు, దుర్గం కొండ మీద రాజులు మూసేసిన దొంగదోవ ఉండాదే, అది నా సైటు చూసి సిగ్గుపడి తనంతట తానే తెరుచుకున్నింది!”

అందరూ నవ్వారు. శీనమ్మ నవ్వలేదు.

“అన్నా, కంటి డాక్టరు వచ్చే రోజు అందులో యాడ రాసినావు?”

“‘సేవలు’ అని బటన్ ఉండాది గదమ్మా, దాని కింద.”

“మా అమ్మ కన్ను ఎర్రబారి నీళ్లు కారతా ఉంటే సైటంతా వెతికినా. అదొక్కటే ఒత్తలేదు. ఆదివారం ఆరాధన వేళలేమో అనుకున్నా. డాక్టరు లేని రోజు తీసకపోయి, మళ్లా వారం ఆగినాము.”

“సేవలంటే వైద్యమే. పట్నంలో అందరూ అట్నే రాస్తారు.”

“మీ నాయన చచ్చేదాకా సంఘంలో సేవ చేసినాడే. ఎవరికన్నా సూది వేసినాడా?”

ఎడ్విన్ పాస్టరు కొడుకు. ‘సేవ’ అన్న మాటకు తన ఇంట్లో ఉన్న అర్థం ఒక్కటే, దేవుడి పని. అది తెలిసీ పట్నం మాట దించుకున్నాడు, గొప్పగా కనబడుతుందని. దారి చూపేవాడు దారి అడిగేవాడి మాటలో చెప్పాలి. అంత మాత్రం చేయనివాడికి ఆ పని ఎందుకు?

“ఇప్పుడెట్టుండాది మీ అమ్మకి?” అన్నాడు.

“ఆ కన్ను పోయింది. రెండోదానికి ముందే శుక్లం.”

ఆ పూటే బటన్ మీద ‘ఏ డాక్టరు ఏ రోజు’ అని మార్చాడు. అంతటితో తీరేది కాదు. రెండో కన్ను చూపించడానికి శీనమ్మ తల్లి రాహేలమ్మను నెల్లూరికి తానే తీసుకుపోయాడు. బస్సులో ఆమె అతని మణికట్టు పట్టుకుని, బస్సు ఆగినప్పుడల్లా “ఇదేం ఊరు నాయనా?” అని అడిగేది. అతను కిటికీలోంచి చూసి ఊరి పేరు చెప్పేవాడు. నెల్లూరు దాకా ఆ పేర్లు తప్ప ఎడ్విన్ ఇంకో మాట మాట్లాడలేకపోయాడు.