ఇద్దరు కూతుళ్ళ కొలతలు

కొరియాలోని గున్‌సాన్ ఊళ్ళో ఒక ఆడపిల్లల హైస్కూలు, ఆరోగ్య గది. బల్లకు ఒకవైపు ఆరోగ్యం చూసే ప్యో టీచరు, రెండోవైపు అక్కాచెల్లెళ్ళు దన్బి, ఉన్సేల తల్లి.

"వద్దులెండి, కూర్చోను. చేపల షెడ్డు నుంచి అలాగే వచ్చేశాను, వాసన కొడుతున్నాను. ఫోనులో గుండె అన్నారు మీరు. దన్బి గుండెకేమైంది టీచరుగారూ?"

"ముందు కాసిని మంచినీళ్ళు తాగండి. నేను ఫోనులో పూర్తిగా చెప్పేలోపే మీరు..."

"చెప్పాలా? నాకు తెలీదా? పదిహేడేళ్ళ పిల్ల, ఎనభై ఆరు కిలోలు. పొద్దున పిడికెడు అన్నం, రాత్రి ఉడకబెట్టిన క్యాబేజీ. అంతకు మించి పెట్టట్లేదు. అయినా తగ్గదు. ఆకలేస్తోందమ్మా అని ఏడుస్తుంది. చావడం కంటే ఆకలి నయం అన్నాను. కన్నబిడ్డతో ఆ మాట అన్నాను."

"ఉన్సే వాళ్ళమ్మగారూ, ఒక్క నిమిషం నా మాట..."

"ఉన్సే సంగతి వదిలేయండి, అది తీగలా ఉంటుంది. దీని సంగతి చెప్పండి. ఆపరేషనా? మందులా? ఏదైనా చేయిస్తాను. వాళ్ళ నాన్న నలభై మూడేళ్ళకే పోయారు. సూపు గిన్నె ముందు కూర్చుని, చెంచా కింద పెట్టి, అలాగే ఒరిగిపోయారు. మళ్ళీ అది చూడలేను. నావల్ల కాదు."

"ఆయన మనిషి ఎలా ఉండేవారు? లావా?"

"ఆయనా? లేదు. గాలొస్తే ఎగిరిపోతావని ఏడిపించేదాన్ని. ఎందుకడుగుతున్నారు?"

"కూర్చోండి."

"ఎందుకడుగుతున్నారండీ?"

"దన్బి ఆటల పోటీల్లో ఇనపగుండు విసురుతుంది కదా. పిల్ల బరువులో చాలా భాగం కండే. రక్తపోటు బాగుంది, రక్తం బాగుంది. పెద్దాసుపత్రి వాళ్ళు గుండె కూడా చూశారు. ఏ లోపమూ లేదు. దానికి కడుపునిండా అన్నం పెట్టండి."

"లోపం లేదా? మరి... నన్నెందుకు పిలిచారు?"

"మామూలుగా లావుగా ఉన్న పిల్లలకే రక్తం తీస్తాం. ఈ ఏడు ఆసుపత్రి వాళ్ళు అందరికీ తీశారు. యంత్రం మీద నిలబెట్టి, పిడులు పట్టించి, ఒంట్లో కొవ్వు ఎంతుందో అందరికీ కొలిచారు. లేకపోతే ఉన్సే సంగతి మాకూ తెలిసేది కాదు."

"దానికేంటండీ? నలభై తొమ్మిది కిలోలు అది."

"అందులో పద్దెనిమిది కిలోలు కొవ్వే. ఎక్కువగా పొట్ట లోపల, పేగుల చుట్టూ పేరుకుంది. పైకి కనబడదు."

"యంత్రం పొరపాటు చేసి ఉంటుంది."

"నేనూ అదే అనుకుని మూడుసార్లు నిలబెట్టాను. రక్తంలో కొవ్వు కూడా చాలా ఎక్కువగా ఉంది. ఆసుపత్రి వాళ్ళు స్కాన్ తీస్తే, మెడ దగ్గరి రక్తనాళం గోడ అప్పుడే మందమెక్కింది. పదహారేళ్ళ పిల్లకి అలా ఉండకూడదు."

"దాని నడుం నా రెండు చేతుల్లో ఇమిడిపోతుందండీ. స్కూలు గౌను వదులైందని మొన్ననే కుట్టు వేయించాను."

"నాకూ నమ్మబుద్ధి కాలేదు. కానీ ఇప్పుడు తెలిసింది కాబట్టి దారి ఉంది. సోమవారం డాక్టరు చూస్తానన్నారు, నేనూ వెంట వస్తాను. వాళ్ళ నాన్నగారి సంగతి తప్పకుండా చెప్పాలి. ఆలోపు అది ఇంట్లో ఏం తింటుందో రాసుకుందాం. అమ్మగారూ? వింటున్నారా? ఏం తింటుంది?"

"ఏం... అన్నం తింటుంది. అందరిలాగే."

"ఇంకా?"

"ఇంకా ఏం లేదు."

"అమ్మగారూ, చెప్పండి, పరవాలేదు."

"వేయించిన కోడి, క్రీము బన్నులు, సంచిలో దాచుకున్న బిస్కెట్లు... దన్బి దగ్గర లాక్కున్నవన్నీ. రెండేళ్ళ నుంచి. పారేయడానికి మనసొప్పక, ఇది బక్కది కదా, కాస్త ఒళ్ళు చేస్తుందని, వద్దు వద్దంటున్నా నా చేత్తోనే ఉన్సే నోట్లో పెట్టాను టీచరుగారూ."