పిడుగు ఇంట్లో తువ్వాళ్ళు లేవు

మా ఆయన నిక్కరు నడుము వదులు చేసింది మీరే కదూ, మాస్టారూ? తల అడ్డంగా ఊపకండి. నోట్లో గుండుసూదులు పెట్టుకుని అబద్ధమాడితే గొంతులో దిగుతాయి.

నేను తిరగేసి చూశానండీ. లోపల పాత కుట్టు విప్పిన గాట్లు బారులు తీరి ఉన్నాయి. ఒక్కసారి కాదు, రెండుసార్లు విప్పారు. విప్పి, ఏమీ ఎరగనట్టు పైన ఇస్త్రీ చేసి, "పాత కొలతే బాబూ, వెంట్రుకవాసి మారలేదు" అని ఆయన చేతిలో పెట్టారు. ఆ మనిషి ఏం చేశాడో తెలుసా? అద్దం ముందు నిలబడి మా అత్తగారిని పిలిచాడు, ఆడపడుచుని పిలిచాడు, ఆఖరికి కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చినవాణ్ణి కూడా లోపలికి పిలిచి చూపించాడు. "నేను ఛాంపియన్ అయిననాటి నిక్కరిది. ఇవాళ కూడా అలాగే పట్టింది. వయసుకి నా గడప తొక్కాలంటేనే భయం!"

వయసు భయపడలేదు మాస్టారూ. మీ కత్తెర మొహమాటపడింది.

సరే, కోటు ఇక్కడ, భుజం దగ్గర పట్టేస్తోంది. సూది పెట్టండి. చేతులు చాపే ఉంచాను. మీరు పని చేస్తూ ఉండండి, నేను మాట్లాడుతూ ఉంటాను. ఆదివారం మీరు బాక్సింగ్ రింగులో రిఫరీగా నిలబడ్డాక మీతో మాట్లాడ్డానికి లేదు. అప్పుడు నేను మా ఆయన, అదే మీ అందరి పిడుగు, మూలలో నీళ్ళ బకెట్టు మోసే మనిషిని. ఇవాళ మీరు మెడలో టేపు వేసుకున్న దర్జీ, నేను కోటు సరిచేయించుకోవడానికొచ్చిన ఆడమనిషిని. ఇందులో తప్పేం లేదు. రూల్సు పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా చదివాను, దర్జీల ప్రసక్తి ఎక్కడా లేదు.

మా ఆయనకి నలభై మూడు. ఎదురు నిలబడే కుర్రాడికి ఇరవై రెండు. వాడికి పాలపళ్ళు వచ్చేనాటికే మా ఆయనకి ముందరి పళ్ళు రెండు ఊడిపోయాయి.

అయినా అడిగి చూడండి, ఏమంటాడో. "నాకిప్పుడే అసలైన ప్రాయం" అంటాడు! నేను చదువుకున్నదాన్ని కాదు మాస్టారూ, చదివినదాన్ని. నేను చదివిన ఏ పుస్తకంలోనూ చంద్రుడంతటివాడికి కూడా నెలకి ఒక్క పౌర్ణమికి మించి లేదు. మా ఆయనకి మాత్రం ఇరవయ్యేళ్ళుగా విడవకుండా పౌర్ణమే.

రుజువులు కూడా చూపిస్తాడండీ! పేపరు చదవాలంటే చెయ్యి బారెడు చాపుతాడు. కళ్ళజోడు కొనుక్కోవయ్యా మగడా అంటే, "చూశావా, చేతులు పొడుగయ్యాయి. ఇక వాడికి నేను అందను, నాకు వాడు అందుతాడు" అంటాడు. బూట్ల తాళ్ళు కట్టుకోవడానికి నేల మీద కూచుంటే ఓ పట్టాన లేవడు. మోకాళ్ళా అని అడిగితే, "కింద పడ్డాక అనుభవమున్నవాడు రిఫరీ ఎనిమిది లెక్కపెట్టేదాకా లేవకూడదు. ఊపిరి కూడగట్టుకోవాలి" అంటాడు. ఇంట్లో నిన్నెవరు పడగొట్టారయ్యా, బూట్లా?

ఎడమ చెవి వినపడదు. దాన్ని ఏకాగ్రత అంటారట.

నవ్వకండి, సూదులు.

అసలు నవ్వులాట ముందుంది. మా ఇంట్లో తువ్వాళ్ళు లేవు. ఒక్కటి కూడా లేదు. ఎందుకో చెబుతాను వినండి.

పోయిన పందెంలో తువ్వాలు విసిరింది నేనే. మీరు కాదు లెండి రిఫరీ, ఆ లావుపాటాయన. మూలలో ఉన్నవాళ్ళు తువ్వాలు విసిరితే పందెం ఆపెయ్యాలి, మనం ఓడినట్టు లెక్క, మీకు నేను చెప్పాలా? అప్పటికి మా ఆయనకి ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. మిగిలిన కంటితో రింగు మూల స్తంభాన్ని గుద్దుతున్నాడు. స్తంభమూ వెనక్కి తగ్గడం లేదు. విసరక ఏం చెయ్యను చెప్పండి? "గెలిచే పందేన్ని గుడ్డపేలిక కప్పి చంపావు" అన్నాడు. ఆ తర్వాత నెలల తరబడి మాటల్లేవు. నా ఎదురుగానే కూచుని, "అమ్మా, ఆవిడకి చెప్పు, కూరలో ఉప్పు తగ్గింది" అనేవాడు. మా అత్తగారు నావైపు తిరిగి, "విన్నావుగా" అనేది. "విన్నాను అత్తయ్యా. జవాబు ఆయన ఏ చెవిలో చెప్పాలో కనుక్కోండి" అనేదాన్ని.

ఇప్పుడీ పందెం కుదిరిందో లేదో, ఇంట్లో తువ్వాళ్ళన్నీ ఏరి ట్రంకుపెట్టెలో పడేసి తాళం వేశాడు. తాళంచెవి మెళ్ళో కట్టుకున్నాడు. మొహం తుడుచుకునే చిన్నగుడ్డని కూడా నమ్మలేదు మహానుభావుడు! ఆనాటి నుంచీ స్నానం చేస్తే తుడుచుకునే యోగం లేదు మాకు. ఆడపడుచు ఫ్యాను కింద నిలబడి గిరగిరా తిరుగుతుంది. నేను కిటికీ తెరలతో సరిపెట్టుకుంటున్నాను. ఎదురింటివాళ్ళు మా వైపు కిటికీకి మేకులు కొట్టేసుకున్నారు. ఇక మా అత్తగారు, గడ్డం మీంచి బొట్టుబొట్టుగా నీళ్ళు కారుతుంటే కుర్చీలో కూచుని, తుమ్ముకీ తుమ్ముకీ మధ్య "నా కొడుకు పులి" అంటుంది. "పులే అత్తయ్యా, కాదన్నదెవరు? పులులు నాలికతో నాక్కుంటాయి. మనకా వీల్లేదుగా!" అన్నాను. ఇప్పుడు ఆవిడతోనూ మాటల్లేవు.

ఆదివారం నా సంచీ వెతుకుతాడు, జేబులు తడుముతాడు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నా. తువ్వాలు కాక ఇంకేదన్నా విసిరితే ఆపుతారా? దిండు గలీబు? తెర? పోనీ, చెప్పు? జనం కూడా చెప్పులు విసురుతారు, ఏది నాదో ఎలా తెలుస్తుందంటారా? సూటిగా వచ్చి మీ నెత్తిన పడింది నాదనుకోండి.

వద్దా? సరే సరే. తువ్వాలే కావాలి, రూలు రూలే.

అయితే ఇది పట్టుకోండి. తెల్లటి తువ్వాలు గుడ్డ. వచ్చేదారిలో కొన్నాను. మా మూలలో ఉండేవాళ్ళకి ఆయన ఈ కోట్లు కుట్టించాడు కదా, వీపు మీద "ఇంకా పిడుగే" అని ఎర్రదారంతో రాయించి? నా కోటుకి లోపల అస్తరు తీసేసి ఈ గుడ్డ వెయ్యండి. గట్టి కుట్టు వద్దు, ఊరికే టాకాలు చాలు. ఒక్కసారి గుంజితే ఊడి చేతికి రావాలి. ఆయన నా జేబులు వెతుకుతాడుగానీ కోటు చర్మం ఒలిచి చూడడు కదా! కుట్టేదీ మీరే, చూసి ఆపేదీ మీరే. ఇంతకంటే నమ్మకమైన మనిషి నాకెక్కడ దొరుకుతాడు?

ఏమిటలా చూస్తారు? మొగుడి మీద నమ్మకం లేదా అనా? ఒళ్ళు బాగుందని డాక్టరు రాసిచ్చాడు కదా అనా? ఆ డాక్టరు వేళ్ళు చూపించి ఎన్నని అడిగాడు. ఈయన చెప్పాడు. వేళ్ళు లెక్కపెట్టడం వస్తే పందేనికి పంపిస్తారా మాస్టారూ? అలాగైతే మా అత్తగారిని పంపండి, కాలివేళ్ళు కూడా కలిపి చెబుతుంది.

డాక్టరు చూడంది నేను చూశాను.

మొన్న ఇద్దరం పాలు తీసుకుని వస్తున్నాం. వీధి చివర ఆగిపోయాడు. ఆగి, నాతో, "మనిల్లు ఎటు?" అన్నాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఉంటున్న ఇల్లండీ అది! వేళాకోళమనుకుని మొహంలోకి చూశాను. వేళాకోళం లేదు అందులో. అసలేమీ లేదు. "కుడివైపు" అన్నాను. పది అడుగులు నడిచాక గుర్తొచ్చినట్టుంది, నవ్వేసి, "నిన్ను పరీక్షించానే పిచ్చిదానా" అన్నాడు. నేనూ నవ్వాను. ఇల్లు చేరేదాకా ఆయన మోచెయ్యి మాత్రం వదల్లేదు.

ఇంకొక్క గట్టి దెబ్బ తల మీద పడితే చాలు మాస్టారూ. ఇల్లు ఎటో నేను చెబుతాను, ఎన్నిసార్లయినా చెబుతాను. ఆ చెప్పే ఆడది ఎవరో తెలీకుండా పోతే? నన్ను పట్టుకుని "ఎవరమ్మా నువ్వు?" అంటే? ఓడిపోతే ఓడిపోనీ. నా పేరు ఆయన తలలో మిగలాలి.

ఊఁ, పెట్టండి సూది, ఆగారేం? గుచ్చుకుంటే అరుస్తాలెండి.

అదేమిటి? ఆ తలుపు వెనక వేలాడుతున్న నీలం కోటు. అస్తరు తెల్లగా ఉందేం? ఉండండి, చూడనివ్వండి... మాస్టారూ, ఇది తువ్వాలు గుడ్డ! టాకాలు కూడా వేసేశారు! ఎవరిదిది? సూదులు ఉమ్మి చెప్పండి!

ఆ కుర్రాడి తల్లిదా? ఆవిడా వాడి మూలలో నిలబడుతుందా?

పొద్దున వచ్చిందా? ఇక్కడే నిలబడి ఏడ్చిందా? ఎందుకట? మా ఆయన్ని చూసి... మా ఆయన్ని చూసి భయపడిందా? ఆవిడకేమన్నా మతిపోయిందా! పోతపోసినట్టున్న ఇరవై రెండేళ్ళ కొడుకుని పెట్టుకుని, పేపరు చదవడానికి చెయ్యి చాలని ముసలాడికి భయపడుతుందా?

ముసలాడని నేనంటాను. మీరు తల ఊపకండి.

ఏం చూసిందట? వ్యాయామశాల గుమ్మంలోంచి చూసిందా? ఆయన ఎడమచేత్తో కొడితే వేలాడదీసిన ఇసకబస్తా తెగి కింద పడిందన్నదా? ఆ బస్తా కొక్కేనికి తుప్పు పట్టింది మాస్టారూ! వర్షాకాలం నుంచీ చెబుతున్నాను మార్చమని. తుప్పు కొక్కెం ఎవరు కొట్టినా తెగుతుంది. ఎవరు కొట్టినా...

అందరూ రోజూ దాన్నే కొడుతున్నారనుకోండి. ఆయన కొట్టినప్పుడే తెగింది.

నిన్న మా అత్తగారి తడిచేతిలోంచి గ్లాసు జారింది. ఆయన పక్కనే కూచుని పేపరు చదువుతున్నాడు. తలెత్తలేదు, తిరిగి చూడలేదు. ఎడమ చెయ్యి మాత్రం వెళ్ళింది. ఎప్పుడు వెళ్ళిందో నాకు కనపడలేదు, నేను కన్నార్పకుండా చూస్తూనే ఉన్నాను. గ్లాసు ఆయన చేతిలో ఉంది. నీళ్ళు గ్లాసులో ఉన్నాయి. అది బల్ల మీద పెట్టి, "కుర్రాడి గురించి ఏం రాశారో చూడు" అని పేపరు నాకిచ్చాడు. ఇల్లు మర్చిపోయిన తలకాయా అదే, ఈ చెయ్యీ ఆయనదే. దేన్ని నమ్మమంటారు?

ఒక మాట చెప్పనా, ఎవరితో అనకండి. ఆవిడ భయపడిందని వినగానే నాకు వెన్ను నిటారుగా అయింది. మీకు తెలిసే ఉంటుంది, కోటు మళ్ళీ భుజాల దగ్గర బిగిసింది. సిగ్గులేనిదాన్ని. ఏం చెయ్యను, ఆ చేతిని చూసే కదా వచ్చాను ఆ ఇంటికి!

ఆవిడది ఎలా వేశారు టాకాలు? ఒక్కసారి గుంజితే ఊడేలాగా? మంచిది, అలాగే ఉంచండి. కన్నతల్లి, పాపం.

నాది మాత్రం... కాస్త దగ్గర దగ్గరగా వెయ్యండి మాస్టారూ. మొదటిసారి గుంజితే రాకూడదు. రెండోసారికి రావాలి. రెండోసారికి రాకపోతే మిమ్మల్ని బతకనివ్వను, అది గుర్తుంచుకోండి. కానీ మొదటిసారికి రాకూడదు.

ఆ రెండింటి మధ్యలో ఆయన ఎడమచేత్తో ఒక్కటిస్తాడేమో.